సప్పుడు బంద్ చేసిన సినిమాలు

మొన్న సంగారెడ్డి కోర్టుల పని చూసుకొని తిరుగు బస్సెక్కిన. కిటికీ పక్కకు సీటు దొరికిందని సంబరపడుతుంటె, పటాన్‌చెరు కాడ షిఫ్టు దిగిన పిలగాండ్లు బిలబిలమని ఎక్కిండ్రు, అండ్ల ఒకడు నా ముంగటి సీట్ల కూలబడ్డడు. ఆ అంగీకెల్లి గుప్పుమని వాసనొచ్చింది. కాలిన ఇనుము, మిషన్ నూనె, చెమట, ఆ మూడింటిని పోగొట్టనీకి రుద్ది రుద్ది ఓడిపోయిన ఎర్రసబ్బు, అన్నీ కలిసిన వాసన. ఎవలికన్న అది కంపు కావచ్చు గని నాకు మాత్రం మా బాపు భుజం మీద తలకాయ పెట్టుకున్నట్టనిపించింది. ఆ పిలగాడు చెవులల్ల తెల్ల బుడ్డీలు పెట్టుకొని ఫోన్ల సినిమా చూస్తుండె. సప్పుడు ఆయన చెవులకు, బొమ్మ నా కండ్లకు. బొమ్మల బట్టతల పోలీసాయన ఒకడు బల్ల గుద్ది గుద్ది ఎవలినో బెదిరిస్తున్నడు, గని గుద్దినప్పుడల్ల రెండో చెయ్యి పోయి అంగీ కింది గుండీని సదురుకుంటున్నది. వీనికి లోపట దడ పుట్టిందని నా అంతల నేనే అనుకున్న. బీరంగూడ వచ్చింది గూడ చూసుకోలే, కండక్టరమ్మ కేకేస్తె దిగిన. నోరు కాదని చేతులు చూసే ఈ రోగం నాకు అంటించింది మా బాపు.

నేను ఆరో తరగతిల ఉన్నప్పుడు మేము బీరంగూడల ఖాజాబీ అమ్మీ రూములల్ల కిరాయికుంటుంటిమి. పొడుగు గోడ ఒకటి, మీద సిమెంటు రేకులు, గోడ పొడుగూత తొమ్మిది తలుపులు, ఒక్కో తలుపు ముంగట ఒక్కో బండ, ఆ బండ మీదనే తానం, బోళ్లు తోముడు, ఆకుకూర తెంపుడు, ముచ్చట్లు, కొట్లాటలు అన్నీ. తొమ్మిదిల ఏడు రూములు కంపెనీలల్ల పనిజేసేటోళ్లయే. బిహార్ పిలగాండ్లు, ఒడిశా పిలగాండ్లు, నారాయణఖేడ్ దిక్కోళ్లు. ఎప్పుడు చూడు సగం మంది నైట్ డ్యూటీ చేసొచ్చి పగటీలి పండుకునేటోళ్లు. అందుకని ఆ రూములకొక కాయిదా ఉండె. పొద్దుగాల తొమ్మిది నుంచి మూడు కొట్టేదాక సప్పుడు చెయ్యొద్దు. "చుప్ రహో, డ్యూటీవాలే సో రైఁ" అని ఖాజాబీ అమ్మీ పాన్ నములుకుంట, కొంగు నోటికడ్డం పెట్టుకొని గదిరిచ్చేది. గుసగుసగ తిట్టుడు ఎట్లుంటదో ఆమె కాడ్నే ఇన్న. మా ఆటలు గూడ ఆ కాయిదాకు తగ్గట్టె. గోటీలు బండ మీద ఆడొద్దు, మన్నుల ఆడాలె. అష్టాచెమ్మ గవ్వలు తువ్వాల పరిచి దాని మీదనే ఎయ్యాలె. దాగుడుమూతలల్ల దొరికినోళ్లను అరిచి చెప్పొద్దు, చెయ్యి లేపి చూపెట్టాలె. వానకాలంల రేకుల మీద దబదబ వాన పడుతుంటె ఆ మోతల ఎవల సప్పుడు ఎవలికి ఇనరాదు గనక, అప్పుడొక్కటే బొబ్బలు పెట్టుకుంట ఉరికేటోళ్లం.

మా బాపు నర్సింలు ఒక కంపెనీల క్రేన్ కింద పనిజేస్తుండె. మీద క్రేను ఉరుకుతుంటది, కింద బాపు ఇనుప దిమ్మెకు గొలుసు సుట్టి, గొలుసును క్రేను కొండికి తగిలించి, చెయ్యి లేపుతడు. క్రేను కదిలేముందు గంట కొడ్తరు, గంట ఇనంగనే కిందున్నోళ్లు పక్కకు జరగాలె. అంతకు ముంగట పన్నెండేండ్లు రేకులు గుద్దే మిషన్ల కాడ చేసిండు. మనిషి నెమ్మదస్తుడు, మాట తక్కువ, నవ్వు ఎక్కువ. అమ్మ ఆయనను పేరువెట్టి పిలవదు గద, "ఇంటున్నవా" అని పిలిచేది. ఇంటున్నవా, బియ్యమైపొయినయ్. ఇంటున్నవా, పోరనికి జెరమొచ్చింది. నాలుగుసార్లన్నంక "ఆఁ, చెప్పు" అనేటోడు బాపు. "పెండ్లాం మాటంటె ఈ మనిషికి లెక్కనే లేదు" అని అమ్మ మూతి తిప్పేది, నేను, తమ్ముడు నవ్వేటోళ్లం.

ఆదివారం పగటీలి అన్నం తిన్నంక టీవీల సినిమా. ఆ దినం అమ్మ కోడి కూర వండేది, జొన్నరొట్టెలు కాల్చేది, ఆ సెగకు, మీది రేకులకు రూమంత ఉడుకెత్తి మసాలా వాసన గోడలకు పట్టుకునేది. బాపు చాప పరిచి, గోడకొరిగి, తలుపు దిక్కు మొహం పెట్టి కూసునేటోడు. టీవీ పెట్టంగనే గుండీ తిప్పి సప్పుడు మొత్తానికే బంద్ చేసేటోడు. "పక్కపొంటి డ్యూటీవాలాలు పండుకున్నరు" అనేటోడు. కాయిదా కాయిదానే గద, మేమేమనలే. అట్ల నేను చిన్నప్పుడు చూసిన సినిమాలన్ని మూగవే. పాటలొస్తె హీరో హీరోయినూ నోళ్లు తెరిచి తోటలల్ల ఉరుకుతుంటె, ఎవలో తరుముతున్నరనుకునేటోడు మా తమ్ముడు.

మాటలు లేకుంటె కథ ఎట్ల తెలుస్తదంటె, గదే ఆట. బాపు పెట్టిన ఆట. ఎవలు దేనికి భయపడుతున్నరు, ఎవలు ఏం దాస్తున్నరు, ముందుగాల చెప్పినోళ్లు గెలిచినట్టు. "నోరు సూడకు బిడ్డ. నోరు అందరికి సూపెట్టనీకి ఉంటది. చేతులు సూడు, కాళ్లు సూడు" అనేటోడు. ఒక సినిమాల దొర గద్దె మీద కూసొని, మీసాలు మెలేసుకుంట రైతులను అడ్డగోలుగ తిడ్తున్నడు. నేను "కోపం" అన్న. బాపు తలకాయ అడ్డం తిప్పి "ఎడమచెయ్యి" అన్నడు. చూస్తె దొర వేలి ఉంగరాన్ని తిప్పుతున్నడు, అది గూడ ఎప్పుడో కాదు, గుంపులున్న తెల్లంగీ పంతులు కండ్లెత్తినప్పుడే. "ఆ గద్దె తనది కాదని వానికెరుక. ఆ పంతులుకు గూడ ఎరుకేమో అని గుబులు" అన్నడు బాపు. ఆఖరుకు ఏదో కాయితం బయటపడ్డది, దొర గద్దె దిగిండు. ఇంకో సినిమాల ముసలామె కోడలిని తిట్టుకుంటనే దండెం మీది కొడుకు అంగీని అరచేత్తోని సాపు జేస్తున్నది. "కోడలి మీద కోపం కాదు. కొడుకు చెయ్యిదాటి పోతడని భయం" అన్నడు. పొయ్యి కాడికెల్లి అమ్మ ఇటు తిరిగి, "గంత తెలిసినోనివి మీ అమ్మకు చెప్పకపోయినవ్, నన్ను పదేండ్లు సతాయించింది" అని ఎత్తిపొడిచింది. మేము పడిపడి నవ్వితిమి. బాపు గూడ నవ్విండు, జెర ఆగి.

పెద్దగైనంక ఆ సినిమాలల్ల ఒకటి రెండు సప్పుడుతోని చూసిన. కథలు బాపు చెప్పినట్టు లేనే లేవు. ఆ ముసలామె అత్త గాదు, మేనత్తట. ఆ కాయితం గద్దెది గాదట, వేరే ముచ్చటట. గని భయాలు మాత్రం ఒక్కటి గూడ తప్పలే. ఇంకొక సినిమా గూడ యాదికున్నది, పెండ్లి బంతిల అందరు తినుకుంట ఇకిలిస్తుంటె, చుట్టమని చెప్పి వచ్చినోడొకడు గూడ నవ్వుతున్నడు. "వీడు దొంగచుట్టం" అన్నడు బాపు. ఎట్లనంటె, "అందరు నవ్వినంక నవ్విండు. ఆనికి ఆ ముచ్చట సమజ్ గాలె, మొహాలు చూసి నవ్వుతున్నడు" అన్నడు. అని, ఎందుకో లేచిపోయి కుండల నీళ్లు ముంచుకొని తాగిండు.

ఆ ఏడు రాఖీ పున్నం ఆదివారం నాడొచ్చింది. అమ్మ పొద్దుగాలనే తమ్మున్ని తీస్కొని సదాశివపేటల ఉన్న మా మేనమామకు రాఖీ కట్టనీకి పోయింది. నాకు తెల్లారితె స్కూల్ల పరీక్షుండె, అందుకని పోలే. రూములన్నిటికి తాళాలు. నారాయణఖేడోళ్లు అక్కచెల్లెండ్ల కాడికి పోయిండ్రు, బిహార్ పిలగాండ్లు చార్మినార్ చూడబోయిండ్రు, ఖాజాబీ అమ్మీ జహీరాబాద్‌ల బిడ్డ ఇంటికి పోయింది. తొమ్మిది రూములకు మేమిద్దరమే. అన్నం తిన్నం, బాపు చాప పరిచిండు, టీవీ పెట్టిండు, గుండీ తిప్పి సప్పుడు బంద్ చేసిండు. నేను యెనుక బోళ్లు సదురుతున్న. "బాపూ, ఎవ్వలు లేరు గద, సప్పుడు పెట్టు" అన్న. పలకలే. ఇంకొంచెం గట్టిగ అన్న. పలకలే. చేతులున్న ఇత్తడి తాంబాలం జారి బండల మీద పడి గిరగిర తిరిగింది, నేనే ఎగిరిపడ్డ. బాపు మెడ గూడ కదలలే.

అప్పుడు నా లోపట ఒకటెనుక ఒకటి అన్నీ కదిలినయ్. ఎప్పుడు చూసినా తలుపు దిక్కు మొహం పెట్టే ఎందుకు కూసుంటడు. కుక్కర్ కూతలు లెక్కపెట్టకుండ, పొయ్యి గట్టు మీద అరచెయ్యి పెట్టి ఎందుకు చూస్తడు. తొవ్వల నడిచేటప్పుడు నన్ను ఎప్పుడు కుడి పక్కకే ఎందుకు తెచ్చుకుంటడు. బస్సుల కండక్టర్ పైసలడిగేముందే టికెట్ ఊరి పేరు ఎందుకు చెప్తడు. అందరు నవ్వినంక నవ్విన ఆ దొంగచుట్టం యాదికొచ్చిండు. అబద్ధమెందుకు, ఆ తర్వాత నేనొక పాడు పనిజేసిన. ఆయన యెనుక నిలబడి, మామూలు గొంతుతోనే, "బాపూ, నువ్వు చెవిటోనివి" అన్న. టీవీ బొమ్మ దిక్కు చూసుకుంట ఆయన మెల్లగ కాలు ఊపుకుంటనే ఉన్నడు. ఆ మాట అన్న నోటిని గోడకు రుద్దుకోవాలనిపించింది.

ముందుకు పోయి కూసున్న. ఇగ నా మొహంల ఏం కనవడ్డదో ఏమో, బాపు నన్ను చూసిండు, నేలమీది తాంబాలాన్ని చూసిండు, మళ్ల నన్ను చూసిండు. "ఎరుకైందా?" అన్నడు. నేను ఏడ్చుకుంట తలకాయ ఊపిన. ఎడమ చెవి ఆ రేకుల మిషన్ల మోతకే పోయిందని, కుడిది గూడ రెండేండ్ల నుంచి దిగిపోతున్నదని, నోళ్లు చూసి మాటలు పట్టుకుంటున్నడని చెప్పిండు. కంపెనీల యాదగిరి చిన్నాయన ఒక్కనికే ఎరుక. చిన్నాయన అంటె సొంతం కాదు, బాపుతోని అదే షెడ్డుల పనిజేసే దోస్తు. "దీపావళి పోయినంక పర్మనెంట్ చేస్తరట బిడ్డ. దానికి చెవుల పరీక్ష ఉన్నది. మీ అమ్మకు చెప్పకు" అన్నడు. పదకొండేండ్ల పిల్లకు అంత పెద్ద ముచ్చట దాచిపెట్టుమని ఇచ్చినందుకు, చెప్పొద్దు గని, ఏడుపుల గూడ జెర గర్వమైంది.

పర్మనెంటంటె మా ఇంట్ల దేవుని పేరు లెక్కనే. కాంట్రాక్టు ఉద్యోగమంటె గేటు కాడ ఏ పొద్దు ఆపుతరో తెలువదు. పర్మనెంటైతె కార్డు, దవాఖాన, కంపెనీ బస్సు, మాకు మంచి బడి. అమ్మ అప్పటికే ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గమ్మకు ఒడిబియ్యం మొక్కింది, తొమ్మిది శుక్రవారాలు ఒక్కపొద్దు ఉంటున్నది. ఆమె ఆ పొద్దుల్ల పెదవులెండిపోయి, బోరింగు కాడ బిందెత్తుకుంట, "అయితది గద బిడ్డ?" అని నన్నడిగేది. నేను "అయితది" అనేదాన్ని.

యాదగిరి చిన్నాయన పోయినేడే ఆ పరీక్షకు పోయిండట. చిన్న గదిల చెవులకు మిషన్ పెడ్తరు, కాంపౌండర్ ఎదురుంగ కూసొని మీట ఒత్తుతడు, కూత ఇనొచ్చినప్పుడల్ల వేలు లేపాలె. ఇగ మా ఇద్దరికి కొత్త ఆట మొదలైంది. అమ్మ నీళ్లకు పోయినప్పుడు చాప మీద ఎదురెదురుంగ కూసునేటోళ్లం. నా ఒళ్లె అగ్గిపెట్టె, దాని మీద తువ్వాల. నేను తువ్వాల కింద అగ్గిపెట్టెను ఒత్తాలె, ఒత్తినప్పుడల్ల బాపు వేలు లేపాలె. నేను మొహం బిగవట్టుకున్న, కండ్లు పక్కకు పెట్టుకున్న, ఎన్ని తీర్ల మోసం చేసినా బాపు వేలు లేస్తనే ఉండె. ఎట్ల తెలుస్తుందంటె, "ఒత్తేముందు నువ్వు ఊపిరి ఆపుతవ్. కాంపౌండరైతె ఇంక నయం, వానికి దాచాలని ఉండదు" అన్నడు. బతుకమ్మ పండుగ దినాలవి. తంగేడుపూలు, గునుగుపూలు బండల మీద కుప్పలు, అమ్మ నువ్వుల సత్తుపిండి, పల్లీల సత్తుపిండి దంచుతుంటె ఊరంత బెల్లం వాసన, నేను మాత్రం ఆ అగ్గిపెట్టె ముంగట కూసొని మా బాపు అంత మొనగాడు లోకంల లేడనుకుంటుంటి.

దసరా ముంగటి దినం కంపెనీల ఆయుధపూజ. సంవత్సరం మొత్తంల ఆ ఒక్క పొద్దు ఇంటోళ్లను గేటు లోపటికి రానిస్తరు. అమ్మ పట్టుచీర కట్టింది, నాకు రెండు జడలేసి కనకాంబరాలు పెట్టింది. షెడ్డు ఎంత ఎత్తున్నదో చెప్పలేను, మా రూముల మీద ఇంకో నాలుగు రూములు నిలబెట్టినా మీది కప్పు అందదు. మిషన్లన్నిటికి కుంకుమబొట్లు, బంతిపూల దండలు, గుమ్మడికాయలు కొట్టిన కాడ ఎర్రనీళ్లు, ఊదుబత్తుల పొగల మిషన్ నూనె వాసన, పులిహోర, శనగ గుడాలు, డప్పులు. పెద్దసారు పిల్లలు చూస్తరని క్రేన్ ఒక సుట్టు తిప్పుమన్నడు. కొండికి పూలదండేసిన పెద్ద ఇనుప దిమ్మె. గంట కొట్టిండ్రు. టంగుటంగుమని ఆ గంట డప్పుల మీదికెల్లి గూడ ఇనొస్తున్నది, కిందున్నోళ్లందరు మాట్లాడుకుంటనే పక్కకు జరిగిండ్రు. మా బాపు ఒక్కడు వంగి, కింది గొలుసుకు బొట్టు పెడుతున్నడు. దిమ్మె ఆయన వీపు మీదికే వస్తున్నది. "బాపూ" అని అరిచిన. నా అరుపు ఆయనకు ఏడ ఇనొస్తది.

అప్పుడు యాదగిరి చిన్నాయన ఒక్క చెయ్యి చాపి, బాపు నడుము పట్టీ పట్టి పక్కకు గుంజిండు. నేను చూసింది గుంజుడు గాదు, గుంజిన తీరు. చిన్నాయన మా అమ్మతోని ఏదో ముచ్చట పెడుతున్నడు, ఆ ముచ్చట ఆగలే, మొహం గూడ అటు తిప్పలే, మన ఇంట్ల తలుపు గొళ్లెం ఎట్ల పెడ్తమో అట్ల చెయ్యి దానంతల అది పోయింది. బాపు గూడ ఉలికిపడలే, జరిగి నిలబడి నవ్విండు. అంటె ఇది ఒక్కనాటి పని గాదు. దినాం ఎన్నిసార్లు గుంజుతున్నడో. సినిమాల ఇసొంటిది చూస్తె బాపు నాకంటె ముందు చెప్తుండె. అదే పొద్దు, తిరిగొచ్చేటప్పుడు, చిన్నాయన అమ్మతోని అన్నడు. "వదినె, దీపావళి పోయినంక నన్ను పాశమైలారం షెడ్డుకు ఏస్తున్నరు. అన్న పర్మనెంటైనంక దావత్‌కు మాత్రం పిలువుండ్రి."

ఆ మాట నన్ను ఆగనియ్యలే. తొవ్వల బాపు ముంగటికి పోయి, నా నోరు కనవడేటట్టు నిలబడి, "పరీక్షకు పోకు బాపూ" అన్న. ఎందుకన్నడు. "చిన్నాయన పోతె నిన్నెవలు గుంజుతరు?" అన్న. నడిచేటోడు ఆగిండు. "చూసినవా?" అన్నడు. "కండ్లున్నయి గద బిడ్డ, చూసుకుంట" అని నా జడ సవరించి ముందుకు పోయిండు. జమ్మి పంచుకున్నం, దీపావళికి తమ్ముడు కాకరపువ్వొత్తులు కాల్చిండు, అమ్మ తొమ్మిదో శుక్రవారం గూడ అయిపోయింది. ప్రతి పొద్దు బాపు అన్నం డబ్బా పట్టుకొని గేటు దిక్కు పోతుంటె నేను ఆయన వీపునే చూస్తుంటి, ఆ వీపు మీద పూలదండ దిమ్మె కనవడుతుండె. అమ్మకు చెప్పుదామని మూడుసార్లు నోటిదాక వచ్చింది, మూడుసార్లు ఆమె ఎండిన పెదవులు చూసి మింగిన.

పరీక్ష శనివారం వచ్చింది. కంపెనీకి ఎదురుంగ ఒక చిన్న దవాఖాన. బాపు నన్ను ఎంట తీస్కపోయిండు, ఎందుకంటె లోపటికి పేరు పెట్టి పిలుస్తరు. మనిషి ఎటన్న చూసేటప్పుడు పిలిస్తె దొరికిపోతడు. "నా పేరు పిలవంగనే నా చెయ్యి మీద చెయ్యి పెట్టు, గంతే" అన్నడు. పొడుగు బల్ల మీద పదిమంది కూసున్నరు. బాపు ఇస్త్రీ అంగీ తొడుక్కున్నడు, గడ్డం గీసుకున్నడు, పచ్చ పర్దా దిక్కు మొహం పెట్టి కూసున్నడు. నేను ఆయన కుడిపక్కకు. మా ఇద్దరి చేతుల నడుమ నాలుగు వేళ్ల ఎడం. ఒకడు పోయిండు, ఇంకొకడు పోయిండు. లోపట బాపు ఎట్ల గెలుస్తడో నాకెరుక, వేలు ఒక్కసారి గూడ తప్పదు. గెలిచి, సోమవారం పోయి ఆ కొండి కింద ఒక్కడే నిలబడ్తడు.

"నర్సింలు" అని పిలిచిండ్రు.

నేను నా చెప్పుల దిక్కు చూసిన. కుడి చెప్పు పట్టీ తెగితె అమ్మ పిన్నీసు పెట్టింది, ఆ పిన్నీసునే చూసిన. చెయ్యి నా ఒళ్లెనే ఉన్నది. "నర్సింలు ఎవరయ్యా" అని ఇంకోసారి. బల్ల మీదోళ్లు అటిటు చూస్తున్నరు. మూడోసారి గట్టిగ పిలిచిండు, వీధిల పోయేటోళ్లకు గూడ ఇనొచ్చేటట్టు. అవతలి పక్కకున్న పెద్దమనిషి బాపు భుజం తట్టి, "నిన్నేనయ్యా" అన్నడు. బాపు లేచిండు. నేనప్పుడు గూడ తలకాయెత్తలే. పర్దా సందుకెల్లి చూస్తె, కాంపౌండర్, మూడుసార్లు పిలిస్తె గని లేవని మా బాపును పైకెల్లి కింది దాక ఒకసారి చూసి, కుర్సీని ఎత్తి గోడ దిక్కు తిప్పి పెట్టిండు. బాపు గోడ దిక్కు మొహం పెట్టి కూసున్నడు, చెవులకు మిషను, మోకాలు మీద చెయ్యి. ఆ చెయ్యి అట్లనే ఉన్నది. ఒకసారి వేలు లేచింది, కాంపౌండర్ మీట ఒత్తకముందే. ఇంకోసారి లేచింది, అది గూడ తప్పే. తర్వాత ఇగ లేవలే.

ఇంటికి నడుచుకుంట వచ్చినం. పెద్దరోడ్డు దాటేటప్పుడు లారీలు చూసి నా చెయ్యి పట్టుకున్నడు. ఏమనలే. ఆ పొద్దే గాదు, ఎన్నడూ ఏమనలే. వారం తిరగకముందే కాంట్రాక్టర్ క్రేన్ కిందికెల్లి తీసేసిండు. నెల దినాలు ఖాళీగ ఉండి, రోడ్డు పొంటి ఒక మొక్కల నర్సరీల నీళ్లు పోసే పనికి కుదిరిండు. అమ్మకు అప్పుడు ఎరుకైంది. ఒడిబియ్యం కోసం తీసిపెట్టిన గుడ్డల మూట ముంగట పెట్టుకొని ఒక పొద్దంత ఏడ్చింది, నేను ఆమె పక్కకే కూసొని ఆమె వీపు నిమిరిన. నేను చేసింది చెప్పలే. మంచి బడి లేదు, సర్కారు బడే. దానికి నాకు రంది లేదు గని, ఆదివారాలు బాపు టీవీ పెట్టినా నేను పోయి పక్కకు కూసోలేకపోతుంటి, చదువుకునేది ఉన్నదని బండ మీదికి పోతుంటి. రెండేండ్లకు ఆ ఆట దానంతల అదే పోయింది.

ఇప్పుడొక మాట చెప్తె మీరు నన్నేమనుకుంటరో. ఆ తర్వాత ఏండ్లకేండ్లు నేను ఆ షెడ్డుల ఎవలికన్న దెబ్బ తగలాలని ఎదురుచూసిన. చావాలని గాదు, కాలో చెయ్యో ఇరగాలని. ఇరిగితె, చూసినవా, మా బాపు ఉంటె ఆయనకు అయ్యేది అని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఎవ్వలికి ఏం గాలే. బాపు స్థానంల వచ్చినాయన మంచిగ పనిజేసి రిటైరైండు. కంపెనీ మూతబడ్డది, షెడ్డు రేకులు ఊడదీసుకపోయిండ్రు, ఇప్పుడు ఆడ సర్కారు తుమ్మలు మొలిచినయ్. ఖాజాబీ అమ్మీ రూములు కూలగొట్టి అయిదంతస్తులు లేపిండ్రు. పగటిపూట గుసగుసగ మాట్లాడే గల్లీ బీరంగూడల ఎక్కడా లేదు, మైకులు, బండ్లు, బోర్ల మిషన్లు, ఆ మోతల ఎవలు పండుకుంటరో దేవునికెరుక. ఆ దినం నేను బాపును కాపాడిన్నా, ముంచిన్నా, ఈ లెక్క నాకు ముప్పై ఏండ్ల సంది తేలలే.

బస్సు దిగి ఇంటికొచ్చేవరకు బాపు బాల్కనీల కూసొని ఉన్నడు. ఇప్పుడు నా కాడ్నే ఉంటడు, డెబ్బై దాటినయ్. చెవికి మిషన్ కొనిచ్చినం గని పెట్టుకోడు, ఫ్యాను మోతే ఇనొస్తదంటడు. నేను కాళ్లు గూడ కడుక్కోలే, ఆ అంగీ వాసన ఇంకా ముక్కుల ఉన్నది. కుర్సీ లాక్కొని, నా నోరు మంచిగ కనవడేటట్టు ఎదురుంగ కూసున్న.

"బాపూ, ఆ దినం దవాఖానల నీ పేరు పిలిచిండ్రు. నాకు ఇనొచ్చింది. నేనే చెప్పలే."

"ఎరుక" అన్నడు.

"ఎప్పుడు ఎరుకైంది?"

"గప్పుడే. పర్దా తీసి కాంపౌండర్ నోరు తెరవంగనే ఎరుకైంది. నా పేరు నోటి మీద చదువుకోరాదా నాకు?"

నాకు ఒక్కసారి ఏం సమజ్ గాలే. "మరి మూడుసార్లు పిలిచేదాక ఎందుకు లేవకపోతివి?" అన్న.

"లేద్దామనే ఉంటి. నీ దిక్కు చూసిన. నువ్వు చెప్పుల దిక్కు చూసుకుంట కూసున్నవ్, ఇది చెప్పదు అని తెలిసింది." కుర్సీల ముందుకు జరిగిండు. "నాకు మస్తు భయముండె బిడ్డ. దినాం ఈ పొద్దే ఆఖరు అనుకుంట గొలుసు పట్టుకుంటుంటి. మీ అమ్మ ఒక్కపొద్దులుంటుంటె, పోను అని ఏ నోటితోని చెప్పాలె? నువ్వు చెప్పకపోతివి, నేను లేవకపోతిని. గంతే."

బరువు దిగుతదనుకున్న. దిగలే. కోపం వచ్చింది, ఎన్నడూ ఆ మనిషి మీద రానంత కోపం. "నా మొహం చూస్తె నీకు అన్నీ తెలుస్తయ్ గద. నేనే నీ బతుకు పాడుజేసిన్నని గిన్నేండ్లు కుములుతున్న, అది గూడ నీకు కనవడే ఉంటది. ఒక్క మాట ఎందుకు చెప్పలే బాపూ?"

ఆయన నా పెదవుల మీదనే కండ్లు పెట్టి ఆఖరి అక్షరం దాక చదువుకున్నడు. తర్వాత మొహం మెల్లగ రోడ్డు దిక్కు తిప్పుకున్నడు. మొహం తిప్పుకుంటె ఇగ నేనేమన్నా ఆయనకు ఇనరాదు, అది మా ఇద్దరికి ఎరుక. దీపం పెట్టే యాళ్ల దాక నేను ఆడ్నే కూసున్న. ఇటు తిరగలే.